డ్రైవర్ని మారిస్తే బండి ఘాటెక్కదు

2025 నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో భారత ఫుట్‌బాల్ జట్టు 0-1తో ఓడింది. వాళ్ళ చేతిలో మనం ఓడడం 22 ఏళ్ళలో అదే మొదలు. తెల్లారేసరికి తీర్పు వచ్చేసింది. సాలూరు లారీ షెడ్డుల దగ్గర టీ తాగే కుర్రాళ్ళ నుంచి హైదరాబాద్‌లో రోవర్స్ కప్ రోజులు తలుచుకునే పెద్దల దాకా ఒకటే మాట: ‘ఈ ఖాలిద్ జమీల్ వల్ల అవదు బావు, కోచ్‌ని మార్చాల్సిందే.’ ఆగస్టులో ఇవే నోళ్ళు ‘13 ఏళ్ళకి మనవాడు కోచ్ అయ్యాడు, ఇక చూస్కోండి’ అన్నాయి. అంతకు ఏడాది ముందు స్పెయిన్ నుంచి వచ్చిన మానోలో మార్కెజ్ గురించీ అదే మాట. ఇంకాస్త ముందు, క్రొయేషియా మనిషి ఇగోర్ స్టిమాచ్‌ని సాగనంపితే గానీ జట్టు బాగుపడదన్నారు. మనుషులు మారుతున్నారు, ఫలితాలు మారడం లేదు, ప్రశ్న మాత్రం అరిగిపోవడం లేదు: తర్వాతి కోచ్ ఎవరు?

ముందు ఆ వాదన బలం తగ్గించకుండా చెప్పాలి. ఆటగాళ్ళు ఉన్నవాళ్ళే. వాళ్ళని వాడుకోవడం తెలిసినవాడు ఒక్కడొస్తే చాలు. దక్షిణ కొరియాకి గస్ హిడింక్ వచ్చాడు, 2002 ప్రపంచకప్‌లో సెమీఫైనల్‌కి వెళ్ళింది. వియత్నాంకి 2017లో పార్క్ హాంగ్ సియో వచ్చాడు, మరుసటేడే ఆగ్నేయాసియా కప్పు కొట్టింది. మన దగ్గరే బాబ్ హౌటన్ హయాంలో 2007, 2009 నెహ్రూ కప్పులు గెలిచాం, 1984 తర్వాత మళ్ళీ 2011లో ఆసియా కప్‌లో ఆడాం. ఇక మన సయ్యద్ అబ్దుల్ రహీం సంగతి వేరే చెప్పాలా? ఆయన ఉన్నన్నాళ్ళూ రెండు ఏషియాడ్ బంగారాలు, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆయన పోయారు, ఆటా పోయింది. కనక సరైన మనిషిని పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. లీగులు, అకాడమీలు, గ్రౌండ్లు తర్వాత తాపీగా చూసుకోవచ్చు.

ఇందులో చెప్పిన గెలుపులన్నీ జరిగినవే. వాటి నుంచి తీసిన తీర్మానమే తప్పు. ఒక్కొక్కటే చూద్దాం.

1. రహీం పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు

తెలుగువాళ్ళం కనక ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగాలి. 2024లో వచ్చిన మైదాన్ సినిమా చూసినవాళ్ళందరికీ రహీం అంటే గీత దగ్గర నిలబడి జట్టు తలరాత మార్చిన మనిషి. సినిమాకి అది చాలు, మనకి చాలదు. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూం హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి చివరి రెండు బళ్ళలోనూ ఆటల బాధ్యత చూశారు. మన ఊళ్ళ భాషలో డ్రిల్లు మాస్టారు. దేశం చూసిన అతి గొప్ప ఫుట్‌బాల్ కోచ్ ఒక డ్రిల్లు మాస్టారు అన్న సంగతి, తర్వాతి కోచ్ ఏ దేశం నుంచి రావాలని కొట్టుకునేవాళ్ళు ఒక్కసారైనా తలుచుకోవాలి.

ఆయన 1940ల నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దారు. అదే సమయంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా. ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. పిల్లలకి ఆయన పెట్టిన పోటీలు చూడండి: బంతిని కాలి దగ్గరే అట్టేపెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో ఒక టోర్నీ, బలహీనమైన కాలితోనే తన్నాలన్న నియమంతో ఇంకో టోర్నీ. ఇవి జాతీయ జట్టు క్యాంపులో నేర్పే విద్యలు కావు, పదేళ్ళ కుర్రాడికి పట్టించే అలవాట్లు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, సలాం, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం ఉన్నారంటే, వాళ్ళు అక్కడే, ఆ హైదరాబాద్ లీగుల్లోనే ముదిరి వచ్చారు. అంటే ఆయన జాతీయ జట్టుకి వచ్చేసరికే అందులో సగం పని ఆయన ఊళ్ళోనే అయిపోయి ఉంది. ఇవాళ మనం అడుగుతున్న కోచ్‌కి ఆ సౌకర్యం లేదు. క్లబ్బులు వదిలిపెట్టిన వారం పది రోజుల్లో, ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళతో, ఆయన అద్భుతం చేసి చూపించాలి.

ఇంకో మాట. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనం 1-10తో ఓడాం. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఆ జట్టు కోచ్ ఎవరు? రహీమే. ఆ ఓటమి తర్వాత మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్ళు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో అదే రహీం చేతికింద ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీస్‌కి వెళ్ళాం. ఇవాళ్టి అభిమాని అప్పుడుంటే హెల్సింకీ నుంచి ఇంటికి చేరకముందే రహీంని దించేసేవాడు. మెల్‌బోర్నూ ఉండేది కాదు, 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించడమూ ఉండేది కాదు. రహీం పేరు చెప్పి కోచ్‌ని మార్చమనేవాళ్ళు రహీం కథని సగమే చదివారు.

ఆయన పోయిన వెంటనే ఆట పోయిందన్నది మరీ తప్పు. రహీం 1963 జూన్ 11న కేన్సర్‌తో కన్నుమూశారు. మరుసటేడు, 1964 ఆసియా కప్‌లో హ్యారీ రైట్ అనే ఇంగ్లీషు కోచ్ చేతికింద మనం రెండో స్థానంలో నిలిచాం. 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో కంచు పతకం వచ్చింది, ఆ జట్టు కెప్టెన్ హైదరాబాద్ వాడే, సయ్యద్ నయీముద్దీన్. రహీం పోయి అప్పటికి ఏడేళ్ళు. కోచ్ పోగానే చీకటి పడిపోవాలన్న సూత్రమే నిజమైతే ఈ రెండు పతకాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆయన కాలంలో ఊరూరా ఆడిన లీగులు కన్న ఆటగాళ్ళు ఉన్నంతకాలం కోచ్ ఎవరైనా పతకం వచ్చింది. ఆ తరం అయిపోయాక ఎవరొచ్చినా రాలేదు. 1970 తర్వాత ఏషియాడ్‌లో మన పురుషుల జట్టు పతకం ముఖం చూడలేదు. మధ్యలో ఇంగ్లండ్, యుగోస్లావియా, హంగరీ, ఉజ్బెకిస్తాన్, నెదర్లాండ్స్, క్రొయేషియా, స్పెయిన్ అన్నీ వచ్చి వెళ్ళాయి. సయ్యద్ నయీముద్దీన్ కూడా కోచ్‌గా వచ్చి వెళ్ళారు.

2. ‘పెద్ద పేరున్నవాడు రావాలి’

2025 జూలైలో మార్కెజ్ వెళ్ళిపోయాక మన ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ దరఖాస్తులు పిలిస్తే 170 వచ్చాయి. వాటిలో స్పెయిన్ దిగ్గజం చావి పేరుంది అనేసరికి దేశం ఊగిపోయింది. చావికి జీతం ఎవరిస్తారు, ఏ రిలయన్స్ అయినా ముందుకొస్తుందా, ఆయన ఆట మన కుర్రాళ్ళకి ఎక్కుతుందా అని చర్చలు. అంతలోనే సమాఖ్యే చెప్పింది: చావి పేరుతో, పెప్ గార్డియోలా పేరుతో వచ్చిన ఈమెయిళ్ళు అసలువి కావని. ఎవడో ఆకతాయి పంపిన దరఖాస్తు మీద దేశం పిచ్చెక్కినట్టు వాదించుకుంది. నవ్వుకోవడానికి బాగానే ఉంది. దొంగ ఉత్తరాన్ని అంత తేలిగ్గా ఎందుకు నమ్మాం అన్నదే నాకు పట్టుకున్న సందేహం. పేరుతోనే పనైపోతుందన్న ఆశ మన లోపల ముందే ఉంది కాబట్టి.

పేరుతో పనవుతుందా అన్న ప్రశ్నకి ఉత్తరాంధ్ర వాళ్ళం దూరం పోనక్కర్లేదు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి మన విజయనగరం మహారాజకుమారుడు విజ్జీ కెప్టెన్. హోదా ఉంది, పలుకుబడి ఉంది, పైసా ఉంది. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్సులాడి 33 పరుగులు చేశాడు, జట్టులో మంచి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపించాడు, రెండు టెస్టులు పోయాయి. అది వేరే ఆట, వేరే కాలం అంటారా? సరే, వదిలేద్దాం.

హిడింక్‌నే తీసుకుందాం. ఆయన 2001 జనవరిలో పగ్గాలు పట్టేసరికి కొరియా వరసగా నాలుగు ప్రపంచకప్‌లు, 1986 నుంచి 1998 దాకా, ఆడేసి ఉంది. అక్కడ వృత్తి ఫుట్‌బాల్ లీగు 1983లోనే మొదలైంది. పైగా స్వదేశంలో జరిగే ప్రపంచకప్ కోసం క్లబ్బులు ఆటగాళ్ళని నెలల తరబడి ఆయన చేతిలో పెట్టాయి. వియత్నాంలో పార్క్ అడుగుపెట్టడానికి పదేళ్ళ ముందే, 2007లో, ప్లేకూ కొండల్లో హోవాంగ్ అన్ యా లాయ్ క్లబ్బు అర్సెనల్‌తో కలిసి పిల్లల అకాడమీ తెరిచింది. ఇద్దరి చేతికీ అందినది వండి వడ్డించిన విస్తరి. మనవాళ్ళు గుర్తు పెట్టుకున్నది వడ్డించినవాడి పేరు ఒక్కటే.

హౌటన్ సంగతి కూడా చెప్పి ముగిద్దాం. ఆయన ఆసియా కప్‌కి తీసుకెళ్ళాడు, నిజం. అక్కడ ఆస్ట్రేలియా చేతిలో 0-4, బహ్రెయిన్ చేతిలో 2-5, కొరియా చేతిలో 1-4. ఆయన కూడా నెలల తరబడి విదేశాల్లో క్యాంపులు పెట్టుకోగలిగిన కోచ్. ఇప్పుడు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్బులు అలా వదులుతాయా?

3. ‘ఫలితాలే చెబుతున్నాయి కదా’

ఇది పైకి గట్టిగా కనబడే వాదన, లోపల డొల్ల. 2023 జూలైలో స్టిమాచ్ కోచ్‌గా ఉండగా మన ర్యాంకు 99. ఆ వేసవిలో ఇంటర్ కాంటినెంటల్ కప్, బెంగళూరులో కువైట్ మీద పెనాల్టీల్లో దక్షిణాసియా శాఫ్ కప్ గెలిచాం. అప్పుడాయన మేధావి. ఆర్నెల్లకి, 2024 జనవరిలో కతార్‌లో ఆసియా కప్. ఆస్ట్రేలియాతో 0-2, ఉజ్బెకిస్తాన్‌తో 0-3, సిరియాతో 0-1. ఒక్క గోలు లేదు. మార్చిలో గువహాటీలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2. అప్పుడాయన దద్దమ్మ. జూన్ 17న తీసేశారు.

గెలుపుకి కారణం ఆయనే అయితే ఆర్నెల్లలో ఆయనలో ఏం మారింది? ఓటమికి కారణం ఆయనే అయితే ఆయన పోయాక ఏం మారింది? మార్కెజ్ వచ్చాడు. 2024 సెప్టెంబరులో మన గచ్చిబౌలిలోనే మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. ఎనిమిది మ్యాచుల్లో గెలిచింది ఒక్కటి, మాల్దీవుల మీద. అదీ రిటైరైన సునీల్ ఛెత్రీని 40 ఏళ్ళ వయసులో వెనక్కి పిలిచాక. 2025 జూన్ 10న హాంకాంగ్‌లో 0-1. జూలై 2న ఆయనా వెళ్ళిపోయాడు. ఆగస్టు 1న ఖాలిద్ జమీల్. వచ్చీ రాగానే తజికిస్తాన్‌ని వాళ్ళ దేశంలో 2-1తో కొట్టి, ఒమన్‌ని పెనాల్టీల్లో పడగొట్టి మధ్యాసియా కాఫా కప్‌లో మూడో స్థానం తెచ్చాడు, అంతా చప్పట్లు. అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2, 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. తర్వాత ఢాకా. ర్యాంకు 142.

ముగ్గురు కోచ్‌లు, ముగ్గురివీ మూడు రకాల పద్ధతులు, గోలు కొట్టేవాడు మాత్రం ముగ్గురికీ దొరకలేదు. దొరకడు కూడా. ఐఎస్ఎల్ క్లబ్బుల్లో గోలు కొట్టే ముందు స్థానం చాలావరకు విదేశీయుడిదే. మన కుర్రాడికి ఆ చోట ఆడే అవకాశం ఏడాదంతా అరుదు, వచ్చేది ఎక్కువగా జాతీయ జట్టులోనే. అక్కడికొచ్చాక కోచ్ పది రోజుల్లో స్ట్రైకర్‌ని తయారుచేయాలి! ఇంకో సంగతి: 2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఏషియాడ్‌కి క్లబ్బులు ఆటగాళ్ళని వదలడానికి నానా యాగీ చేశాయి. జట్టు మ్యాచ్‌కి ముందురోజు దిగి, మర్నాడు చైనాతో ఆడి 1-5తో ఓడింది. ఆ ఓటమిలో కోచ్ ఎత్తుగడలు వెతికినవాళ్ళకి ఏం కనబడిందో నాకైతే తెలియదు.

సాలూరు వాళ్ళకి ఇది లారీ భాషలో చెబితే తొందరగా అర్థమవుతుంది. లోడు బండి పి.కోనవలస ఘాట్‌లో మలుపు మలుపుకీ నిలబడిపోతుంటే ఓనరు మొదట డ్రైవర్ని తిడతాడు, అది సహజం. రెండో ట్రిప్పుకి వేరే డ్రైవర్ని పెడతాడు. మళ్ళీ నిలబడితే మూడోవాణ్ణి. ఈలోగా షెడ్డులో ముదురు మేస్త్రీ ఒకడు ఫిల్టరు విప్పి, పంపు చూసి, క్లచ్ ప్లేటు అరిగిపోయిందని చెప్పి, కమాను కట్టలు కూడా చూపించి, ‘డ్రైవరేటి చేస్తాడు బావు’ అంటాడు. మంచి డ్రైవరు, చెడ్డ డ్రైవరు అన్న తేడా ఉండదని కాదు. బండి బాగున్నప్పుడే ఆ తేడా తెలుస్తుంది.

4. మనవాడా, బయటివాడా?

ఈ తగువు మీద ఎక్కువ మాటలు దండగ. ఉజ్బెకిస్తాన్ 2025 జూన్ 5న తొలిసారి ప్రపంచకప్‌కి అర్హత సాధించింది. దారి మధ్యలో, జనవరిలో, వాళ్ళ స్లొవేనియా కోచ్ కటానెచ్ ఆరోగ్యం బాగోక తప్పుకున్నాడు. స్వదేశీ కపాద్జే పగ్గాలు పట్టాడు. బండి ఆగలేదు. ఎందుకంటే వెనకాల 2023లో అండర్-20 ఆసియా కప్, 2025లో అండర్-17 ఆసియా కప్ గెలిచిన పిల్లలు వరసలో ఉన్నారు. ఇక కేప్ వెర్దే. జనాభా 5 లక్షల పైచిలుకు, మన పార్వతీపురం మన్యం జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ. వాళ్ళ కోచ్ బుబిస్టా స్వదేశీ, 2020 నుంచి ఆయనే. 2024లో ఆఫ్రికా కప్‌కి అర్హత కూడా రాక గ్రూపులో అడుగున మిగిలారు. అయినా ఆయన్ని తీయలేదు. 2025 అక్టోబరు 13న అదే బుబిస్టాతో ప్రపంచకప్‌కి టిక్కెట్టు సంపాదించారు.

ఖాలిద్‌ని పొగిడేటప్పుడు అందరూ చెప్పేది ఐజాల్ కథ. 2017లో ఆయన చిన్న జట్టుతో ఐ-లీగ్ గెలిచాడు, నిజమే. ఆ చిన్న జట్టు వెనక మిజోరం ఉంది. 2012 నుంచి సొంత ప్రీమియర్ లీగు నడిపి, 2014లో సంతోష్ ట్రోఫీ గెలిచిన మిజోరం. అదే ఖాలిద్‌కి మిజోరం లాంటి నేల దొరకని చోట అదే ఫలితం అడగడం న్యాయమేనా?

5. మాంచెస్టర్ నుంచి తెచ్చుకున్న జబ్బు

మన కుర్రాళ్ళకి ఈ కోచ్ పిచ్చి ఎక్కడ అంటుకుందో దాపరికం ఏమీ లేదు. శని ఆదివారాలు రాత్రి ఫోన్లలో ప్రీమియర్ లీగు చూస్తారు. మాంచెస్టర్ యునైటెడ్ ఓడితే అక్కడి అభిమానులు కోచ్‌ని తీసేయమంటారు, ఇక్కడివాళ్ళూ అంటారు. 2013లో ఫెర్గూసన్ వెళ్ళాక మోయెస్ నుంచి అమోరిమ్ దాకా ఎంతమంది మారారో లెక్కపెట్టుకోండి, లీగు టైటిలు ఒక్కటైనా వచ్చిందా? అయినా వాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది: కొత్త కోచ్ వస్తే కొత్త ఆటగాళ్ళని కొనిపెడతారు. జాతీయ జట్టుకి కొనుగోలు లేదు. దేశం కన్నవాళ్ళతోనే ఆడాలి.

మన గడప మీదే ఇంకా మంచి పాఠం ఉంది. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది. కోచ్ మార్కెజ్. మరుసటేడు రెండో స్థానం. ఆయన 2023లో గోవా వెళ్ళాడు. తర్వాత ఏడాది క్లబ్బు అట్టడుగున తేలింది, మొత్తం సీజన్లో ఒక్క గెలుపు. ఇదిగో, కోచ్ పోతే జట్టు పోయింది అని చప్పట్లు కొట్టకండి. జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరూ సంచి సర్దుకున్నారు, కొత్తవాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 2025 అక్టోబరుకి క్లబ్బే ఢిల్లీకి వెళ్ళి పేరు మార్చుకుంది. మన నుంచి పోయింది కోచ్ ఒక్కడే కాదు, జట్టు మొత్తం. రెండు నెలలకి, డిసెంబరు 13న, మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే జనం విరగబడ్డారు, ముఖ్యమంత్రి కూడా బంతి తన్నారు. సొంత క్లబ్బు వెళ్ళిపోయినప్పుడు ఆ జనంలో ఎందరు నోరెత్తారు?

మా ఉత్తరాంధ్రకి ఇంకో ముక్క మిగిలింది. 2020లో ఐ-లీగ్ కోసం శ్రీనిధి సంస్థ విశాఖపట్నం పేరు మీద క్లబ్బు హక్కు తెచ్చుకుంది. సాలూరు నుంచి బస్సెక్కితే మ్యాచ్ చూడొచ్చని ఆశపడ్డాం. శ్రీనిధి దక్కన్ హైదరాబాద్‌లో ఆడింది, రెండుసార్లు రెండో స్థానంలోనూ నిలిచింది. విశాఖకి ఏ కోచ్ కావాలని అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

6. ఈ తగువులో లాభం ఎవరికి?

ఇక్కడ నాకు కోపం వస్తుంది. 2025 జూలై తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 2న మార్కెజ్ వెళ్ళాడు. 11న ఐఎస్ఎల్ నిర్వాహకులు సీజన్‌ని నిలిపేశారు, సమాఖ్యతో హక్కుల ఒప్పందం డిసెంబరుకి ముగుస్తోంది, తర్వాత ఏమిటో తేలలేదని. దేశంలో పెద్ద లీగే ఆగిపోయింది. ఆటగాళ్ళకి మ్యాచ్‌లు లేవు, ఆ తర్వాత కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి. ఆ జూలైలో అభిమానులు వాదించుకున్నది దేని మీద? పాత కోచ్ కాన్‌స్టంటైనా, స్లొవేకియా తార్కోవిచా, ఖాలిదా అని. లీగు లేని దేశానికి కోచ్‌ని వెతకడంలో మనకి ఏ తేడా కనబడలేదు.

అదే నెల 5న ఇంకో సంగతి జరిగింది. భారత మహిళల జట్టు చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ని 2-1తో వాళ్ళ గడ్డ మీదే ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించింది. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వి. అప్పటి కోచ్ క్రిస్పిన్ ఛెత్రీ, మనవాడే. ఆయన పేరు మన టీ కొట్ల చర్చలో ఎప్పుడైనా విన్నారా? నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన క్రీడాకారిణి సౌమ్య గుగులోత్ పేరు? కోచ్‌లే జట్లని గెలిపిస్తారని నిజంగా నమ్మేవాళ్ళయితే గెలిపించిన కోచ్ పేరు నోట్లో ఆడాలి కదా. వాళ్ళకి కావలసింది కోచ్ కాదు, తిట్టడానికి ఒక మనిషి.

సమాఖ్యకీ అదే కావాలి. కోచ్‌ని తీసేస్తే ఓటమికి శిక్ష పడినట్టు కనబడుతుంది, నాలుగు నెలలు ప్రశాంతం. స్టిమాచ్‌ని ఒప్పందం మధ్యలో తీసినందుకు 4 లక్షల డాలర్లు పరిహారం కట్టారు, మన లెక్కలో 3 కోట్ల రూపాయలకి పైనే. ఆ డబ్బు ఏ జిల్లా పిల్లల లీగు నోటి దగ్గరిది? 2023లో విడుదల చేసిన ‘విజన్ 2047’లో ఆసియా మొదటి నాలుగు జట్లలో ఉంటామని రాసుకున్నారు. అందులో ఏ ఏడాది ఏం చేశారో అడిగే అభిమాని లేడు, ఎందుకంటే అందరూ కోచ్‌ని అడుగుతున్నారు. మన తిట్లే వాళ్ళకి గొడుగు.

7. మరి ఎవర్ని అడగాలి?

సాయంత్రం ఐదింటికి మా ప్రాంతంలో ఏ ప్రభుత్వ హైస్కూలు గ్రౌండుకైనా వెళ్ళండి. ముప్పావు నేల క్రికెట్‌ది. చివర మిగిలిన ముక్కలో హాస్టలు పిల్లలు పదిహేను మంది, గాలి సగం పోయి కుట్లు ఊడిన ఒక్క బంతి. గోలు గుంజలకి రెండు పుస్తకాల సంచులు. కొండ ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు, ఊపిరి అలసట ఎరగరు. ఎడమ కాలితో గట్టిగా తన్నే గుంటడు ఒకడు ఉంటాడు ప్రతి గుంపులోనూ. వాడి మీద ఎవరి కన్నూ పడదు. పీఈటీ మాస్టారికి హాజరు, మధ్యాహ్న భోజనం, పరీక్షల డ్యూటీ అయ్యేసరికి పొద్దు గూకుతుంది. స్కూల్ గేమ్స్ సెలక్షన్ అంటే ఒక్క రోజు, రెండు మ్యాచ్‌లు, అంతే. ఓడిన జట్టుకి మళ్ళీ మ్యాచ్ వచ్చే ఏడే.

కోచ్ విలువ నాకు తెలియక ఇదంతా రాయడం లేదు. శిక్షకుడు ఏం చేయగలడో ఉత్తరాంధ్రకి చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న బరువులు ఎత్తించబట్టే కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు తెచ్చింది. ఆమెకి తర్వాత బెలారస్ దిగ్గజం తారానెంకో కూడా నేర్పాడు, ఆ మేలూ కాదనను. కానీ ఊసవానిపేటలో అప్పన్న లేకపోతే తారానెంకో చేతికి మల్లీశ్వరి ఎలా వస్తుంది? ఫుట్‌బాల్‌లో మనం ఎప్పుడూ తారానెంకో కోసమే కొట్టుకుంటున్నాం. మండలానికో అప్పన్న ఉన్నాడా అన్న ప్రశ్న మన నోట రాదు.

కనక అడగాల్సినవి ఇవి. పార్వతీపురం మన్యం జిల్లాలో పదమూడేళ్ళ పిల్లాడు ఏడాదికి ఎన్ని పూర్తి మ్యాచ్‌లు ఆడుతున్నాడు? జిల్లా సంఘం నడిపే లీగు ఏది, అది ఎన్ని నెలలు నడుస్తుంది? మన పీఈటీల్లో ఎంతమందికి కనీసం కోచింగ్ డి లైసెన్సు ఇప్పించారు, ఇప్పించకపోతే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? రాష్ట్ర సంఘం ఎన్నికలు ఎప్పుడు, ఓటు ఎవరికి? ఐఎస్ఎల్ క్లబ్బులు భారతీయ స్ట్రైకర్‌ని ఆడించేలా నియమం ఎందుకు పెట్టరు? కోచ్ పేరు మీద గొంతు చించుకునే ఓపికలో పదో వంతు వీటి మీద పెడితే సమాఖ్య పెద్దలకి చెమటలు పడతాయి.

అయినా ఎవరో ఒకరు నా చేయి పట్టుకుని, ఇవన్నీ సరే, ఖాలిద్‌ని ఉంచాలా తీయాలా తేల్చి చెప్పమంటారు. ఉంచాలి. ఆయన మహా కోచ్ అని కాదు, మార్కెజ్ కంటే మెరుగని కూడా కాదు. ఎవరినైనా నాలుగేళ్ళు కదపకుండా ఉంచాలి, గెలిచినా ఓడినా. అప్పుడు ఢాకా లాంటి ఓటమి వచ్చిన మర్నాడు సమాఖ్యకి చేతిలో తోసేయడానికి మనిషి ఉండడు. అధ్యక్షుడే మైకు ముందుకొచ్చి జవాబు చెప్పుకోవాలి.